దాణాలో ప్రోటీన్ 22 ఉంది, అయినా కోడికి బరువు రావట్లేదు. లైసిన్ టానిక్ పట్టాలా?

లావేరు_షెడ్డు

అన్నలందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా లావేరు మండలం. 2,000 కోళ్ళ షెడ్డు ఉంది. మూడేళ్ళు ఇంటిగ్రేషన్‌లో (కంపెనీ పిల్లల్నీ దాణానీ ఇస్తుంది, మనం పెంచి ఇస్తాం) పెంచాను, ఈ ఏడాది నుంచి పిల్లల్ని నేనే కొని దాణా కూడా ఇంటి దగ్గరే కలుపుకుంటున్నాను. మొక్కజొన్న మా పొలంలోదే, చాలకపోతే ఊళ్ళో కళ్ళం మీదే దొరుకుతుంది, గ్రైండరు మా మావయ్య వాళ్ళది, ఇంక బస్తా ఫీడు కొనడం ఎందుకని మొదలెట్టాను. మొదటి బ్యాచ్ పర్వాలేదు. తర్వాతి రెండూ నన్ను ముంచేశాయి.

మూడో బ్యాచ్ సంగతి చెప్తాను. 42వ రోజుకి సగటు 1.7 కిలోలు, ఎఫ్‌సీఆర్ (కిలో బరువు రావడానికి తిన్న దాణా కిలోలు) 1.95. చావులు ఎక్కువేం కాదు, నూటికి నాలుగు లోపే. రోగం అనడానికి ఏమీ కనపడలేదు, టీకాలన్నీ టైముకే వేశాను. కానీ ఒకే షెడ్డులో రెండు కిలోల కోడి పక్కనే కిలో మున్నూరు గ్రాముల కోడి తిరుగుతోంది. ఈకలు చూస్తే ఇంకా అన్యాయం, నెల దాటిన కోడిని పట్టుకుంటే వీపు మీద ఈకకి బదులు చర్మమే గరుగ్గా చేతికి తగులుతోంది. ఒకదాని తోక దగ్గర ఇంకోటి పొడుచుకోవడం కూడా మొదలైంది. పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే వాసనకి కళ్ళు మండుతున్నాయి, ఊక ఎన్నిసార్లు తిరగేసినా రెండు రోజుల్లో మళ్ళీ తడే.

ప్రోటీన్ తక్కువేమో అని దాణా శాంపిల్ టెస్టు చేయించాను, స్టార్టర్ (కోడిపిల్లలకి వేసే మొదటి దాణా) 21.9 శాతం వచ్చింది. అంటే 22 ఉన్నట్టే కదా. మందుల షాపాయనకి చెప్తే "అమినో యాసిడ్ల లోటు బాబూ, ఇది నీళ్ళల్లో పట్టు" అని లీటరు సీసాలు మూడు అంటగట్టాడు. లీటరులో లైసిన్ 20 గ్రాములు, మెథియోనిన్ 10 గ్రాములు అని లేబుల్ మీద ఉంది, నూరు కోళ్ళకి రోజుకి 10 మిల్లీలీటర్లు పట్టమన్నాడు. ఒక సీసా అయిపోయింది, నాకు తేడా ఏమీ తెలియలేదు.

టానిక్ కొనసాగించాలా, లేక దాణాలోనే లైసిన్ పొడి ఎక్కువ వెయ్యాలా? కొత్త పిల్లలు పది రోజుల్లో దిగుతాయి, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతికేళ్ళ_షెడ్డు

ఏటి బాబూ, పాట్లు అన్నీ చెప్పావు గానీ అసలు ముక్క దాచేశావు. దాణాలో ఏం కలుపుతున్నావో రాయకుండా టానిక్ పట్టాలా వద్దా అంటే ఎవరు చెప్తారు. ముందు మిక్స్ రాయి. తౌడు, చెక్క (నూనె తీసిన పిండి), ఉప్పుతో సహా.

మాది భోగాపురం వైపు. నేను షెడ్డు వేసినప్పుడు 40 రోజులకి కోడి కిలోన్నర దాటితే ఊరంతా చూడ్డానికి వచ్చేవారు. ఎండు చేపలు దంచి వేసేవాళ్ళం, అందులో ఈ లైసిన్లూ మెథియోనిన్లూ దండిగానే ఉండేవి, కాకపోతే ఇసుక, ఉప్పు కూడా అంతే దండిగా ఉండేవి, ఒక్కో లోడుకి కోళ్ళు నీళ్ళు తాగి తాగి పారేవి. 2014లో హుద్‌హుద్‌కి షెడ్డు రేకులు ఒక్కటి మిగల్లేదు, మళ్ళీ కట్టుకున్నాక ఎండు చేప జోలికి పోలేదు.

ఇంకో మాట. సోయా రేటు పెరిగినప్పుడు నువ్వు దాన్ని తగ్గించి వేరే ఏదో పెట్టుంటావు. అవునా కాదా?

లావేరు_షెడ్డు

అవును బాబాయ్, దొరికిపోయాను 🙏

మొదటి బ్యాచ్‌లో సోయా 34 కిలోల దాకా వేశాను. తర్వాత రేటు చూసి భయమేసి తగ్గించాను. ఇప్పుడు స్టార్టర్ 100 కిలోలకి నా మిక్స్ ఇది: మొక్కజొన్న 57, సోయా 22, వేరుశనగ చెక్క 8, బియ్యం డీడీజీఎస్ (బియ్యంతో ఆల్కహాల్ తీశాక మిగిలిన పిప్పి ఆరబెట్టింది) 8, నూనె కిలోన్నర, డీసీపీ (కాల్షియం, ఫాస్ఫరస్ పొడి) కిలోన్నర, రాయి పొడి కిలో 200 గ్రాములు, ఉప్పు 300 గ్రాములు, మిగతా అర కిలో విటమిన్లు, మినరల్స్ ప్రీమిక్స్. దీని పైన టన్నుకి లైసిన్ కిలో, మెథియోనిన్ కిలో. ఆ రెండూ షాపాయన చెప్పిన లెక్కే. పారతో నేల మీద కలుపుతాం, టన్ను ఒకేసారి కాదు, 500 కిలోల చొప్పున.

సోయా తగ్గించినా ప్రోటీన్ తగ్గకూడదనే చెక్క, డీడీజీఎస్ పెట్టాను. టెస్టులో తగ్గలేదు కూడా. మరి తేడా ఎక్కడ వచ్చింది?

గరివిడి_డాక్టరు

నేను గరివిడి వెటర్నరీ కాలేజీలో చదివాను, తర్వాత కొన్నాళ్ళు ఫీడ్ మిల్లులో ఫార్ములాలు చూశాను. తమ్ముడూ, నీ రిపోర్టు తప్పు కాదు, కానీ అది చెప్పేది వేరే. ల్యాబ్‌లో దాణాలోని నత్రజని కొలిచి 6.25తో గుణించి ప్రోటీన్ అని రాస్తారు. ఆ నత్రజని సోయాదా, చెక్కదా, చివరికి ఎవడో కల్తీ చేసిన యూరియాదా అన్నది ఆ అంకెకి తెలియదు. కోడికి మాత్రం తెలుస్తుంది. దానికి కావాల్సింది ప్రోటీన్ కాదు, ప్రోటీన్ అరిగితే వచ్చే అమినో యాసిడ్లు, అవి కూడా ఒక నిష్పత్తిలో.

పెళ్ళిలో వందమందికి అన్నం, పప్పు, కూర అన్నీ వండారు, విస్తరాకులు మాత్రం ఎనభయ్యే ఉన్నాయి అనుకో. బంతికి కూర్చునేది ఎనభై మందే. మిగిలిన వంట పారబోయడమే. మొక్కజొన్న, సోయా దాణాలో బ్రాయిలర్‌కి మొదట తక్కువయ్యే విస్తరాకు మెథియోనిన్, తర్వాత లైసిన్, మూడోది త్రియోనిన్. నీ దాణాలో మొదటి రెండూ తక్కువే ఉన్నాయి.

ఇప్పుడు లెక్క చూడు. పుస్తకాల్లో ఉండే సగటు అంకెలతో వేస్తున్నాను, సరుకుని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. సోయాలో లైసిన్ 2.8 శాతం దాకా ఉంటుంది. వేరుశనగ చెక్కలో అందులో సగమే, బియ్యం డీడీజీఎస్‌లో కూడా ఇంచుమించు అంతే, మొక్కజొన్నలో పావు శాతం. నీ 57, 22, 8, 8 కిలోలకి ఇవన్నీ కూడితే లైసిన్ 0.98 శాతం వస్తోంది. నువ్వు వేసిన కిలో పొడితో ఇంకో 0.08. మొత్తం 1.06. స్టార్టర్‌లో ఈ రోజుల్లో బ్రీడులకి 1.3 పైన కావాలి. మెథియోనిన్, సిస్టిన్ కలిపి చూస్తే నీ సరుకులో 0.70, కిలో మెథియోనిన్‌తో 0.80. కావాల్సింది 0.98 దగ్గర. అంటే రెండింట్లోనూ నూటికి ఎనభై విస్తరాకులే. పోలిక కోసం చెప్పిన అంకె కాదు, నీ లెక్కలోంచే వచ్చింది.

మిగిలిన ప్రోటీన్ ఏమవుతుందో నీ కళ్ళే చెప్తున్నాయి. కండగా మారలేని అమినో యాసిడ్లని కోడి లివర్‌లో విరగ్గొట్టి యూరిక్ యాసిడ్‌గా రెట్టలో వదిలేస్తుంది. దాన్ని బయటికి పంపడానికి నీళ్ళు ఎక్కువ తాగుతుంది, ఊక తడుస్తుంది, ఆ తడిలో యూరిక్ యాసిడ్ అమ్మోనియా అవుతుంది. నువ్వు ఊక తిరగేస్తూ కూర్చున్నావు, జబ్బు దాణా తొట్టెలో ఉంది.

ఈకల సంగతి కూడా ఇక్కడిదే. ఈక మొత్తం కెరాటిన్, అందులో గంధకం ఉండే సిస్టిన్ చాలా ఎక్కువ. సిస్టిన్ తక్కువైతే కోడి మెథియోనిన్‌ని దానిగా మార్చుకుంటుంది, సిస్టిన్‌ని వెనక్కి మెథియోనిన్‌గా మార్చుకోలేదు. నీ దగ్గర రెండూ చాలలేదు కాబట్టి వీపు బోడిగా మిగిలింది. లైసిన్ లోటు ముందు రొమ్ము కండలో కనిపిస్తుంది, చేత్తో పట్టుకుంటే ఎముక కత్తిలా తగులుతుంది, ఈసారి చూడు.

టానిక్ గురించి. నెల రోజుల వయసులో 2,000 కోళ్ళు రోజుకి సుమారు 250 కిలోలు తింటాయి. అందులో 1.1 శాతం చొప్పున లైసిన్ రెండు కిలోల ముప్పావు కావాలి. నీ సీసా మోతాదు ప్రకారం రోజుకి 200 మిల్లీలీటర్లు పోస్తే దాంట్లో వచ్చే లైసిన్ 4 గ్రాములు. స్టార్టర్ లాగే నీ ఫినిషర్‌లో (పెద్ద కోళ్ళకి వేసే ఆఖరి దాణా) కూడా ఐదో వంతు తక్కువుంటే, ఆ లోటే రోజుకి అరకిలో దాటుతుంది. ఏనుగు దాహానికి చూరునీళ్ళు అంటారే, అది.

పాతికేళ్ళ_షెడ్డు

4 గ్రాములు 😂 2,000 కోళ్ళకి! ఆ షాపాయనని నా దగ్గరికి పంపు బాబూ, చిన్న పని ఉంది.

డాక్టరు గారూ, లెక్క బాగుంది గానీ కుర్రాడికి ఇప్పుడు ఏం కలపాలో చెప్పండి. లోటు ఉందని లైసిన్ నాలుగైదు కిలోలు గుమ్మరించేస్తాడేమో, నేను ఒకప్పుడు అలాంటి పని చేసినవాణ్ణే.

గరివిడి_డాక్టరు

నిజమే సార్, అది చెప్పాలి. ఈ మిక్స్‌నే ఉంచి పొడితో పూడ్చాలంటే టన్నుకి లైసిన్ మొత్తం నాలుగు కిలోల పైన, మెథియోనిన్ మూడు కిలోల దగ్గర పడుతుంది. కాగితం మీద సరిపోతుంది. కానీ చెక్కలో, డీడీజీఎస్‌లో ఉన్న లైసిన్ అంతా అరిగేది కాదు. డీడీజీఎస్‌ని ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైతే లైసిన్ అక్కడి చక్కెరలతో అంటుకుపోతుంది. పాలు కోవా అయ్యేటప్పుడు గోధుమ రంగు వస్తుంది చూడు, జరిగేది అదే. అంటుకుపోయిన దాంట్లో చాలా వరకు పేగులో విడదు, రెట్టలో పోతుంది. తమ్ముడూ, నీ డీడీజీఎస్ లేత పసుపా, కాఫీ పొడి రంగా? కాఫీ రంగయితే బ్రాయిలర్ స్టార్టర్‌లో వెయ్యకు, అంతే. వేరుశనగ చెక్కకి ఇంకో బెడద అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం. పైగా అందులో ఆర్జినిన్ బాగా ఎక్కువ, లైసిన్ తక్కువ, ఈ రెండింటికీ పడదు, ఒకటి మరీ ఎక్కువైతే రెండోదాని అవసరం పెరుగుతుంది.

నా మాట విని స్టార్టర్ ఇలా కలుపు, 100 కిలోలకి: మొక్కజొన్న 57, సోయా 36, నూనె రెండున్నర, డీసీపీ 1.8, రాయి పొడి 1.2, ఉప్పు 300 గ్రాములు. మిగతా కిలో 200 గ్రాములలో అమినో యాసిడ్లు, ప్రీమిక్స్, టాక్సిన్ బైండర్ (బూజు విషాన్ని పట్టేసే పొడి). టన్నుకి మెథియోనిన్ 3 కిలోలు, లైసిన్ 2.2 కిలోలు, త్రియోనిన్ 700 గ్రాములు. ప్రోటీన్ 21.4 దగ్గర వస్తుంది, అంటే నీ పాత దాణా కన్నా తక్కువ! అయినా కోడి దీంతోనే పెరుగుతుంది. ఫినిషర్‌లో సోయా 28, 29 దాకా దింపు, నూనె పెంచు, టన్నుకి మెథియోనిన్ రెండున్నర, లైసిన్ 1.8, త్రియోనిన్ అర కిలో.

త్రియోనిన్ ఖర్చు దండగ అనుకోకు. పేగు లోపలి జిగట పొరలో ఉండే ప్రోటీన్‌లో అది చాలా ఎక్కువ. కాక్సీ (పేగుని దెబ్బతీసే రోగం) వచ్చి పోయిన షెడ్డులో దాని అవసరం ఇంకా ఎక్కువ.

లైసిన్ పొడిలో క్లోరైడ్ కూడా వస్తుంది, అందుకని కిలోలకి కిలోలు వేసేవాళ్ళు ఉప్పు కొంత తగ్గించి సోడా ఉప్పు పెట్టుకోవాలి. మెథియోనిన్ విషయంలో ఇంకా జాగ్రత్త. మంచిదే కదా అని మరీ ఎక్కువ వేస్తే కోడి మేత తగ్గించేస్తుంది. అమినో యాసిడ్లలో ఎక్కువైతే ముందుగా దెబ్బకొట్టేది ఇదే.

అన్నట్టు నీ లైసిన్ బస్తా మీద ఏం రాసుందో చూసి చెప్పు.

లావేరు_షెడ్డు

డీడీజీఎస్ కాఫీ రంగే డాక్టరు గారూ. ఫొటో తీయాల్సిన పని లేదు, ఫిల్టర్ కాఫీ పొడి డబ్బాలో పోస్తే మా అమ్మ డికాషన్ పెట్టేస్తుంది.

లైసిన్ బస్తా మీద 70 అని ఉంది. సల్ఫేట్ అని చిన్న అక్షరాలు. ఇది వేరేదా?

గరివిడి_డాక్టరు

వేరేదే. నేను లెక్క వేసింది హైడ్రోక్లోరైడ్ రకానికి, దాంట్లో నికరంగా లైసిన్ 78 శాతం. సల్ఫేట్ 70 రకంలో నికరం 55 దగ్గరే. సరుకు చెడ్డది కాదు, క్లోరైడ్ గొడవ కూడా ఉండదు, కాకపోతే కిలోకి కిలో సమానం కాదు. 2.2 కిలోల చోట 3.1 కిలోలు వెయ్యాలి. ధర చూసేటప్పుడు కూడా నికరం మీదే చూడు. అంటే నీ పాత దాణాలో లైసిన్ 1.06 కూడా లేదన్నమాట, 1.03 చిల్లర.

మెథియోనిన్ కూడా రెండు రకాలు, 99 శాతం పొడి ఒకటి, ద్రవం ఒకటి. చిన్న మిక్సింగ్‌కి పొడే మేలు. చిటికెడు తీసి అరచేతిలో పోసుకుంటే తెల్లగా తళుక్కుమనాలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ముల్లంగి కుళ్ళిన కంపు కొట్టాలి. వాసన లేకుండా సుద్దలా అంటుకుంటే అనుమానించు.

పొందూరు_అక్క

నేనూ ఒక మాట చెప్పొచ్చా. మాది 1,500 కోళ్ళ షెడ్డు, ఆయన దుబాయ్‌లో, ఇక్కడ అన్నీ నేనే చూస్తాను. తమ్ముడూ, నువ్వు పారతో కలుపుతానన్నావు కదా, నీ కోళ్ళు ఒకటి రెండు కిలోలు ఇంకోటి కిలో మున్నూరు కావడానికి సగం కారణం అదే అనిపిస్తోంది నాకు.

నేను కూడా అలాగే కలిపేదాన్ని. ఒకసారి పరీక్ష చేశాను. 500 కిలోల దాణాలో ఒక కిలో ఉలవలు పోసి ఎప్పటిలాగే ఇద్దరు కూలీలతో మూడు తిరగలు తిప్పించాను. కిలో ఉలవలంటే గింజలు ముప్పై వేల పైచిలుకు, కిలో దాణాకి అరవై ఐదు వరకు రావాలి. కుప్పకి మూడు చోట్ల కిలో చొప్పున తీసి చాటలో పోసుకుని నేనూ మా పెద్దమ్మాయీ కూర్చుని ఏరాం. ఒకదాంట్లో 141, ఒకదాంట్లో 48, గోడ వైపుదాంట్లో 9. మా అమ్మాయి "అమ్మా, ఇది లాటరీ" అంది. మెథియోనిన్ కూడా అలాగే పడుతుంది కదా, ఒక బస్తాలో రెండింతలు, ఒక బస్తాలో దాదాపు సున్నా.

తర్వాత పద్ధతి మార్చాను. మెథియోనిన్, లైసిన్, విటమిన్లు, కాక్సీ మందు ముందు రెండు కిలోల మొక్కజొన్న పిండిలో చేత్తో కలపడం, దాన్ని పది కిలోల్లో, దాన్ని యాభైలో, ఆ తర్వాతే పెద్ద కుప్పలోకి. నూనె అన్నిటికన్నా ఆఖర్న, ముందే పోస్తే పొడి ఉండలు కట్టేస్తుంది. మళ్ళీ ఉలవలు వేసి చూస్తే 71, 60, 55 వచ్చాయి. ఇప్పుడు పాత మిక్సరు ఒకటి కొన్నాను, పావుగంట తిప్పితే చాలు, నడుం బతికింది.

ఇంకో సందేహం డాక్టరు గారికి. మా వైపు నువ్వులు బాగా పండుతాయి, గానుగ దగ్గర తెలగపిండి దొరుకుతుంది. అందులో మెథియోనిన్ ఉంటుందని మా అత్తగారు కాదు గానీ ఎవరో చెప్పారు. వెయ్యొచ్చా?

గరివిడి_డాక్టరు

అక్కా, ఉలవల పరీక్ష అద్భుతం. మిల్లుల్లో దీనికి రంగు పొడులూ యంత్రాలూ వాడతారు, మీరు చాటతో తేల్చేశారు.

తెలగపిండి గురించి విన్నది నిజమే. చెక్కలన్నిట్లోకీ మెథియోనిన్ ఎక్కువ ఉన్నది అదే, సోయాకి దాదాపు రెట్టింపు. కానీ లైసిన్ సోయాలో సగం కూడా ఉండదు. మనం అన్నంలో పప్పు కలుపుకున్నట్టే ఇది, బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ, రెండూ కలిస్తే ఒకదాని కొరత ఇంకోటి తీరుస్తుంది. అలాగే సోయా పక్కన తెలగపిండి కొద్దిగా బాగానే కుదురుతుంది. నువ్వుల పొట్టులో ఫైటేటు, ఆక్సలేటు ఉంటాయి, జింకునీ కాల్షియంనీ పట్టేస్తాయి, అందుకని ఫినిషర్‌లో నూటికి నాలుగైదు కిలోలు దాటొద్దు, పిల్లలకి అసలు వద్దు. గానుగ పిండిలో నూనె ఉంటుంది, నిలవ ఉంటే చిక్కు వాసన వస్తుంది, వారం లోపు వాడేయండి.

రాజాం_గ్రోయర్

మీరంతా అదృష్టవంతులు, దాణా మీ చేతుల్లో ఉంది. మాది ఇంటిగ్రేషన్, బస్తా ఎలా వస్తే అలా తొట్లో పోయడమే. పోయిన వేసవిలో ఒక లోడు వచ్చిన దగ్గర్నుంచి ఈకలు రాలేదు, బరువు నిలబడిపోయింది, పక్క ఊళ్ళో అదే లోడు దించుకున్న ఇద్దరిదీ అదే గోల. సూపర్‌వైజరుని అడిగితే మీ గాలి సరిగా ఆడట్లేదు, మీ నీళ్ళు బాలేదు అన్నాడు. ఎఫ్‌సీఆర్ ఎక్కువైందని గ్రోయింగ్ చార్జిలో (పెంచినందుకు కంపెనీ ఇచ్చే కూలి) కోశారు. నీళ్ళు ఏడేళ్ళుగా అదే బోరు!

గరివిడి_డాక్టరు

ప్రతి లోడులోంచి ఒక కిలో తీసి కవర్లో కట్టి తేదీ, బస్తా మీది బ్యాచ్ నంబరు రాసి చల్లటి చోట పెట్టుకోండి, లిఫ్టింగ్ (కోళ్ళని బండికి ఎత్తడం) అయి డబ్బు చేతికి వచ్చేదాకా పారేయొద్దు. అమినో యాసిడ్ టెస్టుకి ఖర్చు అవుతుంది, కానీ ముగ్గురు రైతులు అదే లోడు మీద మాట్లాడితే బరువు వేరు. సొంతంగా మెథియోనిన్ కొని కంపెనీ ఫీడులో కలపకండి, తర్వాత తప్పు మీ మీదకే వస్తుంది.

ఆదివారం_చికెన్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను విజయనగరంలో ఉంటాను, రైతుని కాదు, తినేవాణ్ణి. కిలోల కొద్దీ పొడులు వేస్తున్నారంటే చదవడానికే భయంగా ఉంది. ఇవి హార్మోన్లా? ఇంట్లో పిల్లలకి పెట్టొచ్చా?

గరివిడి_డాక్టరు

హార్మోన్లు కావండి. మీరు తినే పప్పులో, పాలలో, గుడ్డులో ఉండే పదార్థాలే ఇవి. లైసిన్‌ని చక్కెర, పిండి లాంటి వాటిని బ్యాక్టీరియాతో పులియబెట్టి తీస్తారు, 1950ల్లో జపాన్‌లో మొదలైన పద్ధతి, ఇడ్లీ పిండి పులిసిన దానికి పెద్దన్న అనుకోండి. మెథియోనిన్‌ని మాత్రం ఎక్కువగా ఫ్యాక్టరీలో రసాయనాల నుంచే తయారు చేస్తారు, దాచేదేం లేదు. ఆ తయారీలో రెండు రూపాలు సగం సగం వస్తాయి, అద్దంలో బొమ్మ లాగా కుడి ఎడమలు. రెండో రూపాన్ని కూడా కోడి తన ఒంట్లో మొదటిదిగా మార్చుకుంటుంది, అందుకే రెండూ కలిసిన పొడినే అమ్ముతారు. లైసిన్‌కి ఆ సౌకర్యం లేదు, ఒక్క రూపమే పనికొస్తుంది. కోడి ఒంట్లో చేరాక అది మామూలు కండే. పైగా ఇవి సరిగ్గా వేస్తే దాణాలో మొత్తం ప్రోటీన్ తగ్గించొచ్చు, ఒక శాతం తగ్గితే రెట్టలో పోయే నత్రజని పదో వంతు దాకా తగ్గుతుంది. షెడ్డు పక్కన ఇల్లున్నవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది.

పాతికేళ్ళ_షెడ్డు

బాబూ, ఆదివారం మానకండి, మేం బతకాలి 😄

లావేరు కుర్రాడికి ఇంకొక్కటి. ఈ లెక్కలన్నీ కోడి తింటేనే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట నోరు తెరుచుకుని రొప్పుతుంటే ఏ దాణా తింటుంది. వేసవి బ్యాచ్‌లో మేత పడిపోతుంది కాబట్టి అమినో యాసిడ్లు కొంచెం చిక్కగా పెట్టుకోవాలి, చెక్కలు పోసి ప్రోటీన్ పెంచకూడదు, మిగులు ప్రోటీన్ విరగ్గొట్టడానికి ఒంట్లో ఇంకా వేడి పుడుతుంది. దాణా తెల్లవారుజామున మూడు నాలుగింటికి వెయ్యి, మళ్ళీ సాయంత్రం చల్లబడ్డాకే. ఇప్పుడు నీకు అవసరం లేదు, ఏప్రిల్‌లో గుర్తు చేసుకో.

సోయా కొనేటప్పుడు కూడా చూసుకో. పచ్చి వాసన వస్తే సరిగా వేగలేదు, మాడిన వాసన వస్తే పనికిరాదు.

లావేరు_షెడ్డు

అందరికీ ఆలస్యంగా జవాబు ఇస్తున్నాను. కొత్త బ్యాచ్ 1,980 పిల్లలు దించాను. డాక్టరు గారి ఫార్ములా, అక్క చెప్పిన కలపడం. సోయా బిల్లు చూసి మా నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ నేను కూర్చుని పాత బ్యాచ్ లెక్క తీశాను. 1.95 చోట 1.65 వచ్చి ఉంటే 3,200 కిలోల కోడికి దాదాపు టన్ను దాణా మిగిలేది. సోయాలో మిగిల్చింది అంతా ఆ టన్నులో పోయింది, ఇంకా ఎదురు పడింది. ఆ కాగితం నాన్నకి చూపించాక మాటలు కలిశాయి.

21వ రోజు బుట్టలో వేసి యాభై కోళ్ళు తూచాను, సగటు 860 గ్రాములు. పోయినసారి ఇదే రోజుకి 640. వీపులు నిండాయి. షెడ్డులో వాసన లేదని చెప్పను గానీ కళ్ళు మండట్లేదు, ఊక చేతిలో పట్టుకుని పిసికితే ఉండ కట్టకుండా రాలిపోతోంది. ఉలవలు కూడా వేసి లెక్కపెట్టాను అక్కా, 74, 66, 52. ఆ 52 మా తమ్ముడు తిప్పిన వైపు.

నిన్ననే లిఫ్టింగ్ అయింది. 40 రోజులు, సగటు 2.15, ఎఫ్‌సీఆర్ 1.68. రేటు మాత్రం కార్తీక మాసం కదా, అడక్కండి. ఇంకో బ్యాచ్ సంక్రాంతికి తగిలేలా పిల్లలకి ఆర్డర్ పెట్టాను.

చిన్న సమస్య. టానిక్ సీసాలు రెండు సీలు తీయకుండా అలాగే ఉన్నాయి, షాపాయన వెనక్కి తీసుకోనంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

పాతికేళ్ళ_షెడ్డు

పెరట్లో కరివేపాకు చెట్టు ఉందా?